నానో పార్టికల్స్‌ని సెల్స్ మీద వేసే ముందు

చిట్టితల్లీ,

వెండి నానోపార్టికల్స్ విషప్రభావం మీద పీహెచ్‌డీ మొదలుపెట్టావని విని చాలా సంతోషించాను. వెంటనే సెల్స్ మీద వేసేసి ఎన్ని చచ్చాయో లెక్కపెట్టాలని తొందరగా ఉంటుంది, గైడ్‌గారు కూడా గ్రాఫ్ ఎప్పుడని అడుగుతూనే ఉంటారు. అయినా సరే కాస్త ఆగు.

సీసా మీద 20 నానోమీటర్లని ఉంటుంది గానీ, కల్చర్ మీడియంలో పడ్డాక అందులోని ఉప్పుల వల్ల పార్టికల్స్ ఒకదానికొకటి అంటుకుని ముద్దలు కట్టొచ్చు, సీరం ప్రోటీన్లు వాటి మీద పొరలా పట్టేస్తాయి. పెద్ద ముద్దలు త్వరగా అడుక్కి దిగి సెల్స్ మీద పడతాయి, చిన్నవి పైనే తేలుతూ ఉంటాయి, కాబట్టి మిల్లీలీటరుకి ఇన్ని మైక్రోగ్రాములు వేశానన్నంత మాత్రాన సెల్స్‌కి అంతా చేరినట్టు కాదు. సైజు, జీటా పొటెన్షియల్ (పార్టికల్ ఉపరితలం దగ్గరి విద్యుదావేశానికి కొలత) ఉత్త నీళ్లలో చూసి వదిలేయకు. నువ్వు వాడే మీడియంలోనే, కలిపిన వెంటనే ఒకసారి, 24 గంటలయ్యాక ఇంకోసారి చూడు.

వెండితో ఇంకో చిక్కు ఉంది, అది కొద్దికొద్దిగా కరిగి అయాన్లు వదులుతుంది. సెల్స్‌ని చంపింది పార్టికలా, అయానా? అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పార్టికల్స్ తీసేసి, పైన మిగిలిన ద్రవాన్ని విడిగా సెల్స్‌కి ఇచ్చి చూడు, అందులో వెండి ఎంతుందో ఐసీపీ-ఎంఎస్‌లో (అతి తక్కువ లోహాన్ని కూడా కొలిచే యంత్రం) కొలిపించు, పోల్చుకోడానికి పక్కన అయాన్లు మాత్రమే ఇచ్చే సిల్వర్ నైట్రేట్ కంట్రోల్ పెట్టు. పార్టికల్స్ ఏ ద్రావణంలో వచ్చాయో అదొక్కటీ వేసిన వెల్స్ (ప్లేట్‌లోని గుంటలు) కూడా తప్పకుండా ఉండాలి. 2004లో అమెరికాలో ఫుల్లరీన్లు (బంతిలా ఉండే కార్బన్ అణువులు) చేప మెదడుకి హాని చేస్తున్నాయని పేపర్ వచ్చి పెద్ద చర్చే జరిగింది. వాటిని నీళ్లలో కలపడానికి టెట్రాహైడ్రోఫ్యూరాన్ అనే సాల్వెంట్ వాడారు. 2007లో వేరే బృందం అదే పద్ధతిలో తయారుచేసి జీబ్రాఫిష్ లార్వాల మీద చూస్తే, హాని ఆ సాల్వెంట్ విరిగి పుట్టిన పదార్థాల వల్లేనని తేలింది.

అన్నిటికంటే ఎక్కువమంది దెబ్బతినేది ఎంటీటీ దగ్గర, అంటే బతికున్న సెల్స్ ఒక రీఏజెంట్‌ని ఊదారంగు ఫార్మజాన్‌గా మారిస్తే, దాన్ని కరిగించి ఆ రంగుని రీడర్‌లో కొలిచే పరీక్ష. కార్బన్ నానోట్యూబులు ఊదారంగు ఫార్మజాన్ స్ఫటికాలని పట్టుకుని కరగనివ్వవని 2006లోనే చూపించారు, రీడింగ్ పడిపోయేది, సెల్స్ మాత్రం బతికే ఉండేవి. వెండి పార్టికల్స్ స్వయంగా వెలుతురుని పీల్చుకుంటాయి కాబట్టి రీడర్ చూపించే అంకెని అలాగే నమ్మకు. సెల్స్ లేకుండా పార్టికల్, రీఏజెంట్ మాత్రమే కలిపిన వెల్స్ ప్రతి ప్లేట్‌లోనూ పెట్టు. ఎంటీటీకి సంబంధం లేని ఇంకో పరీక్ష కూడా చెయ్యి, కనీసం చచ్చిన సెల్స్‌కి పట్టే ట్రిపాన్ బ్లూ రంగు వేసి మైక్రోస్కోప్ కింద నీ కళ్లతో లెక్కపెట్టు. ఇన్‌ఫ్లమేషన్ కూడా చూస్తావు కదా, ముందు ఎండోటాక్సిన్ (బాక్టీరియా నుంచి వచ్చి, తనే ఇన్‌ఫ్లమేషన్ పుట్టించే పదార్థం) పరీక్ష చేయించు. ఆ పరీక్షకీ పార్టికల్స్ అడ్డుతగులుతాయి, అందుకే తెలిసిన మోతాదు ఎండోటాక్సిన్ కలిపి అది తిరిగి కనిపిస్తోందో లేదో చూసుకోవాలి.

ముద్దల్ని ధ్వని తరంగాలతో విడగొట్టే సోనికేషన్ ఎన్ని నిమిషాలు, ఎంత పవర్, శాంపిల్‌లో ముంచే ప్రోబా, నీళ్ల తొట్టిలాంటి బాతా, అన్నీ నోట్‌బుక్‌లో రాయి. ప్రోబ్ అయితే కొన అరిగి టైటానియం శాంపిల్‌లోకి రాలుతుంది, మధ్యమధ్యలో చూసుకుంటూ ఉండు. ఆర్డర్ ఇచ్చేటప్పుడు థీసిస్ మొత్తానికి సరిపడా ఒకే లాట్‌లో తెప్పించుకో, ఆ లాట్ నంబర్ కూడా రాసిపెట్టుకో.