తిరిగొచ్చిన కథ గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మొదటి కథకు బహుమతి రాగానే కథ పట్టుబడిపోయిందనుకున్నావు. రెండోది తిరిగొచ్చేసరికి అసలు రాయడమే రాదంటున్నావు. నాలుగు నెలల్లో నువ్వు అంతగా మారిపోయావా?

నా సంగతి చెబుతాను, విను. నా మొదటి కథ అచ్చయ్యాక ఎనిమిదేళ్లపాటు కొసమెరుపు కథలే రాశాను. అది నెగ్గింది ఆ చివరి మెరుపు వల్లేనని గట్టి నమ్మకం. తర్వాతెప్పుడో ఆ పత్రికలో పనిచేసిన ఉపసంపాదకుడు కలిసి, నవ్వుతూ అసలు విషయం చెప్పాడు. ఆ వారం ఆఖరి నిమిషంలో ఓ ప్రకటన ఆగిపోయిందట. పేజీన్నర ఖాళీ. చేతికందిన కథల్లో సరిగ్గా పేజీన్నరకు సరిపోయేది నాదేనట! ఆయనతో పాటు నేనూ నవ్వాను గానీ, ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఓడినప్పుడైతే అదృష్టాన్ని తిట్టుకుంటాం. గెలిచినప్పుడు దాని పేరే ఎత్తం కదా.

2006లో అమెరికాలో ముగ్గురు పరిశోధకులు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. పెద్దగా ఎవరికీ తెలియని బ్యాండ్ల పాటలు 48 తీసుకున్నారు. పాల్గొన్నవాళ్లు 14 వేలకు పైనే. కొందరికి పాటలు మాత్రమే ఇచ్చారు. మిగతావాళ్లను ఎనిమిది గుంపులు చేసి, తమ గుంపులో ఏ పాటను ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో కూడా చూపించారు. ఒక గుంపులో మొదటి స్థానం కొట్టిన పాటే ఇంకో గుంపులో 40వ స్థానంలో పడి ఉంది. ముందొచ్చిన కొద్దిమంది ఎటు మొగ్గితే వెనకాల జనం అటే. అలాగని అంతా లాటరీ అనుకోకు. బాగా నచ్చే పాటలు అట్టడుక్కి పోవడం, మరీ నాసివి పైకి రావడం అరుదే. మధ్యరకం పాటలే ఎటైనా పోయాయి. మనం రాసేవి చాలావరకు ఆ మధ్యరకమే, ఏమనుకోకు.

అమెరికా కవయిత్రి ఎమిలీ డికిన్సన్ 1886లో చనిపోయేనాటికి అచ్చయిన ఆమె కవితలు పదీ పరకా. రాసినవేమో దాదాపు 1,800. చెల్లెలు లవీనియా ఆ కాగితాలను తగలబెట్టకుండా అచ్చు కోసం పట్టుబట్టింది కాబట్టి మనకు దక్కాయి. అలాంటి చెల్లెలు లేనివాళ్ల పేర్లు మనకెలా తెలుస్తాయి? అందుకే ఏ రచయితైనా, నాతో సహా, "ఇలా రాశాను, పైకొచ్చాను" అంటే సగమే నమ్ము. అచ్చంగా అలాగే రాసి ఏమీ కానివాళ్లను ఎవరూ ఇంటర్వ్యూ చేయరు.

నేను యాభై దాటాక మొదలుపెట్టిన అలవాటొకటి ఉంది. కథ పంపేముందే ఒక కాగితం మీద రాసిపెట్టుకుంటాను: ఎక్కడ బాగా కుదిరింది, ఎక్కడ సర్దేశాను, తేదీతో సహా. జవాబొచ్చాక దాన్ని తీసి చూసుకుంటాను. అందులో ఒక్క మాట కూడా మార్చను.

ఆ రెండో కథ నాకు పంపు. తిరిగొచ్చాక ముగింపు మార్చానని రాశావు. మార్చిన ప్రతి వద్దు, మొదట పంపిందే కావాలి.

ఉంటాను.