రూటర్ పని నాకూ ఇవ్వండని అడుగు

ప్రశ్న: అక్కా, మాది మిర్యాలగూడ. నాన్న రైస్ మిల్లులో గుమాస్తా. ఈసీఈ డిప్లొమా అయిపోయి, నెట్‌వర్కింగ్ ఉద్యోగాలకు పనికొచ్చే సిస్కో కంపెనీ సర్టిఫికెట్ పరీక్ష సీసీఎన్‌ఏకు చదువుతున్నాను. కోచింగ్‌లో 30 మందిలో అమ్మాయిలం ఇద్దరమే. "నైట్ షిఫ్టులు, నిచ్చెనలు ఎక్కుడు మీతోని కాదమ్మా, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌కు మారండి" అంటున్నారు సారు. ఇంట్లోనూ అదే మాట. ఒక ఇంటర్వ్యూలో "పెళ్లయ్యాక మానేస్తావా" అని అడిగితే నోట మాట రాలేదు. నెట్‌వర్కింగ్ వదిలేయాలా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: వదలొద్దు చెల్లె. నాది జడ్చర్ల. 2011లో హైదరాబాద్‌లో ఒక కంపెనీ నాక్‌లో చేరాను. నాక్ అంటే నెట్‌వర్క్‌ను రాత్రీపగలూ కనిపెట్టుకుని ఉండే గది. షిఫ్టులో తొమ్మిది మందిమి, ఆడపిల్లను నేనొక్కదాన్నే. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. కానీ ఎనిమిది నెలలపాటు నాతో చేయించినవి ఎక్సెల్ రిపోర్టులు, టికెట్లు (వచ్చిన ఫిర్యాదులు) ఎక్కించడం, బ్రాంచీలకు ఫోన్లు. "నువ్వైతే నీట్‌గా చేస్తావమ్మా" అనేవాళ్లు. నెట్‌వర్క్‌లను కలిపే రూటర్ల పాస్‌వర్డులు మాత్రం మగపిల్లల దగ్గరే ఉండేవి. నిచ్చెన కంటే, రాత్రి డ్యూటీ కంటే నీకు ఎక్కువ అడ్డం పడేది ఇదే. ఉద్యోగం ఇస్తారు, అసలు పని ఇవ్వరు.

ఒకరోజు రాత్రి పది దాటాక నాగర్‌కర్నూల్ వైపు ఒక బ్రాంచి డౌన్ అయింది. సీనియర్ వేరే లింకు మీద ఉన్నాడు. బ్రాంచిలో ఉన్నది వాచ్‌మన్ ఒక్కడే. ఫోన్‌లోనే అతన్ని స్విచ్ (కంప్యూటర్ల వైర్లన్నీ వచ్చి కలిసే డబ్బా) దగ్గరికి పంపి, లైట్లు ఎట్లున్నయన్నా అని అడిగాను. "అన్నీ ఒక్కతీరుగ టపటపా కొట్టుకుంటున్నయి మేడం, ఆగుతలేవు" అన్నాడు. మామూలుగా ఒక్కో లైటు ఒక్కో తీరుగా మెరుస్తుంది. అన్నీ కలిసి ఆగకుండా కొట్టుకుంటున్నాయంటే లూపు పడిందేమో అనిపించింది. లూపు పడితే అదే డేటా గానుగెద్దులా తిరుగుతూ, తిరిగినకొద్దీ పెరుగుతూ దారినంతా మూసేస్తుంది. "ఒకే వైరు రెండు కొసలూ ఆ డబ్బాలోకే పోయినయా, చూడన్నా" అన్నాను. పసుపు వైరు ఒకటి దొరికింది. దుమ్ము దులుపుతూ, వేలాడుతున్న కొసను తనే ఖాళీ పోర్టులో గుచ్చాడట. పీకమన్నాను. నిమిషంలో బ్రాంచి లేచింది.

ఇట్లాంటి లూపులను ఆపడానికి స్విచ్‌లోనే స్పానింగ్ ట్రీ అనే ఏర్పాటు ఉంటుంది. ఆ స్విచ్‌లో దాన్ని ఎవరో ఆపేసి పెట్టారు. 1985లో డీఈసీ కంపెనీలో పనిచేస్తూ దాన్ని రూపొందించింది రేడియా పెర్ల్‌మన్ అనే మహిళ. మీ సారు బోర్డు మీద స్పానింగ్ ట్రీ గీసిన రోజు ఆమె పేరు కూడా రాయమని అడుగు.

మర్నాడే మేనేజర్‌కు మెయిల్ పెట్టాను. వారానికి ఒక చేంజ్ (నెట్‌వర్క్ సెట్టింగుల్లో చేసే మార్పు) నాతో చేయించండి, సీనియర్ పక్కన కూర్చున్నా సరే, కమాండ్లు మాత్రం నేనే కొడతాను అని రాశాను. నోటితో అడిగితే "చూద్దాంలే" అంటారు, రాసి పెడితే జవాబు ఇవ్వక తప్పదు. రెండో వారం నుంచి ఇచ్చారు. నువ్వు ఎనిమిది నెలలు ఆగకు. చేరిన నెలలోనే అడుగు.

నిచ్చెన సంగతంటావా, కేబుల్ పనిలో ఎక్కాల్సి వస్తుంది. నేనూ ఎక్కాను. చున్నీ తీసి బ్యాగులో పెట్టి, కింద ఒకరిని పట్టుకొమ్మన్నాను, అంతే. రాత్రి డ్యూటీ మాత్రం తేలిగ్గా తీసుకునేది కాదు, అమ్మానాన్నల భయం అబద్ధం కాదు. క్యాబ్ ఇంటి గుమ్మం దాకా వస్తుందా, చివరగా దిగేది ఆడపిల్లే అయితే తోడుగా గార్డు ఉంటాడా, చేరకముందే అడుగు. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. అందులో ఎవరున్నారో మొదటి రోజే తెలుసుకో. మా అమ్మకు ధైర్యం వచ్చింది నా మాటలతో కాదు, ఒకసారి వచ్చి హాస్టల్, ఆఫీసు గేటు, క్యాబ్ ఆగే చోటు కళ్లారా చూసుకున్నాకే.

పెళ్లి ప్రశ్న మళ్లీ వస్తుంది. "ఈ ప్రశ్న అబ్బాయిలను కూడా అడుగుతున్నారా సార్? నేను పని చేయడానికే వచ్చాను, సబ్‌నెట్టింగ్ అడగండి" అని మెల్లగా, నవ్వుతూనే చెప్పు. అందుకు సబ్‌నెట్టింగ్, అంటే నెట్‌వర్క్ అడ్రసులను చిన్న గుంపులుగా విడగొట్టే లెక్క, నోటికి రావాలి మరి. స్లాష్ 26 (గుంపు సైజు చెప్పే గుర్తు) అనగానే 64 అడ్రసులు, వాడుకోగలిగేవి 62 అని కాగితం లేకుండా చెప్పగలగాలి. సీసీఎన్‌ఏ పరీక్షకు ఉన్నది 120 నిమిషాలే. కంప్యూటర్ మీదే ఉత్తుత్తి నెట్‌వర్క్ కట్టి చూసే ప్యాకెట్ ట్రేసర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. అందులో రోజూ ఒక నెట్‌వర్క్ కట్టి, కావాలని చెడగొట్టి, మళ్లీ బాగుచెయ్యి. చేతిపని కూడా వదలకు. నెట్‌వర్క్ కేబుల్ కొసకు కనెక్టర్ బిగించే క్రింపింగ్ టూల్ కొనుక్కుని, లోపలి వైర్లను తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ వరసలో ఇరవై కనెక్టర్లు కొట్టు. మొదటి ఐదూ పాడవుతాయి, నావీ పాడయ్యాయి.

పని దొరకదేమోనని నాన్న అంటే ఇది చెప్పు. అమెజాన్ క్లౌడ్ హైదరాబాద్ రీజియన్, అంటే కంప్యూటర్లను వరసగా పేర్చి పెట్టే డేటా సెంటర్ల గుంపు, 2022 నవంబరులో మొదలైంది. ఒకప్పుడు మా పాలమూరు జిల్లాలోనే ఉన్న షాద్‌నగర్ వైపు డేటా సెంటర్లు లేస్తున్నాయి. అక్కడ కేబుళ్లు, స్విచ్‌లు చూసుకునే మనుషులు కావాలి.

ఆఫర్ లెటర్ రాగానే, సంతకం పెట్టకముందే నాకు రాయి. షిఫ్టు, క్యాబ్ గురించి ఏం రాశారో ఇద్దరం కలిసి చూద్దాం.