నొప్పి లేదని ఊరుకోకండి, స్వామీ

ప్రశ్న: నా వయసు 52. మాది ఖమ్మం జిల్లా. తొమ్మిదేళ్ళుగా షుగర్ ఉంది. వరసగా రెండేళ్ళు మిర్చి దెబ్బతీసింది. ఒక ఏడు నల్ల తామర పురుగు, ఇంకో ఏడు రేటు లేదు. అప్పు 11 లక్షలు దాటింది, పాప పెళ్ళి ఆగిపోయింది. ఇక నా వల్ల కాదని స్వామి మీద భారం వేసి మొదటిసారి అయ్యప్ప మాల వేసుకున్నాను. బీడీ కూడా మానేశాను. ఈ రోజుకి 19 రోజులు. గజేంద్రుడు పిలిచినట్టు పిలుస్తున్నాను. అయినా మనసు నిలవడం లేదు, రాత్రిళ్ళు నిద్ర పట్టదు, అంతా అయిపోయిందనిపిస్తుంది. నా భక్తిలో ఏమైనా లోపముందా? నిద్ర కోసం మెడికల్ షాపులో ఇచ్చిన ఆల్ప్రజోలామ్ మాత్ర పది రోజులుగా వేసుకుంటున్నాను, ఇంకా వాడొచ్చా? ఒంటిపూట భోజనమే కాబట్టి షుగర్ మాత్ర ఒక పూట మానేశాను. కుడికాలి బొటనవేలికి చిన్న పుండు అయింది, చివర కాస్త నల్లబడింది. పసుపు రాస్తున్నాను. స్వామి దయవల్ల నొప్పి లేదు. మాల తీశాక చూపించుకుంటాను. ఫొటో పంపుతున్నాను.
- ఒక పాఠకుడు

జవాబు: స్వామీ, మీరు అడిగింది నిద్ర గురించి, భక్తి గురించి. వాటి దగ్గరికి తర్వాత వస్తాను. ముందు ఆ వేలి సంగతి చూద్దాం.

ఫొటో మసకగా ఉంది, రాత్రి బల్బు కింద తీసినట్టున్నారు. దాన్ని చూసి ఇదీ జబ్బు అని తేల్చడం నాకే కాదు, ఎవరికీ కుదరదు. కానీ తొమ్మిదేళ్ళ షుగర్, నిన్నమొన్నటిదాకా బీడీ, 19 రోజులుగా చెప్పుల్లేని నడక, నల్లబడిన వేలి చివర, ఇవన్నీ ఒకే మనిషికి ఉన్నాయంటే ఆ వేలికి రక్తం సరిగా అందడం లేదేమో, గ్యాంగ్రీన్, అంటే కండ చచ్చి కుళ్ళడం, మొదలవుతోందేమో అని ఏ డాక్టరైనా అనుమానించాల్సిందే. చూశాక కాదని తేలితే అందరికీ సంతోషమే. అయితే ఆ చూపించుకునేది ఈ రోజు కావాలి, మహా అయితే రేపు పొద్దున.

'స్వామి దయవల్ల నొప్పి లేదు' అన్నారు చూడండి, మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది ఆ మాటే. బొటనవేలు నల్లబడేంత దెబ్బ తగిలితే మామూలు మనిషి కాలు కింద పెట్టలేడు. మీరు పొద్దున్నే స్నానానికి, గుడికి, భిక్షకు నడుస్తున్నారంటే పాదంలో నరాలు మొద్దుబారి ఉండొచ్చు. ఏళ్ళ తరబడి షుగర్ అదుపులో లేకపోతే అరికాలి స్పర్శ మెల్లగా పోతుంది. ముల్లు గుచ్చుకున్నా, గాజుపెంకు దిగినా తెలియదు. కాళ్ళు చల్లగా ఉన్నాయని వేడినీళ్ళలో పెట్టుకుని బొబ్బలు తెచ్చుకున్నవాళ్ళు కూడా నా దగ్గరికి వస్తుంటారు. నొప్పి ఉన్నవాడు అదే రోజు పరిగెత్తుకొస్తాడు. లేనివాడు వేలు రంగు మారాక వస్తాడు, ఒక్కోసారి వాసన వచ్చాక వస్తాడు.

'మాల తీశాక' అనే మాట దగ్గర నాకు కోపం వచ్చింది, దాచుకోను. ఈ మాట నేను ఏడాది పొడుగునా రకరకాలుగా వింటూనే ఉంటాను. కోతలు అయ్యాక వస్తా సార్. సంక్రాంతి వెళ్ళాక. మూఢం పోయాక. అమావాస్య ముందు వద్దన్నారు. అమ్మాయి పరీక్షలు అయిపోనీండి. కొన్నేళ్ళ కింద ఒక స్వామి శబరిమల నుంచి వచ్చి మాల తీసిన మూడో రోజున నా దగ్గరికి వచ్చారు, పాదం మీద తుండు చుట్టుకుని. కొండ ఎక్కేటప్పుడు కూడా నొప్పి లేదన్నారు. తుండు విప్పాక ఆయన వెంట వచ్చిన కొడుకు బయటికెళ్ళిపోయాడు. మోకాలి కింద నుంచి తీయాల్సి వచ్చింది. నాలుగు వారాల ముందు వచ్చి ఉంటే బహుశా వేలితో పోయేదేమో, అదీ పోకపోయేదేమో. కచ్చితంగా చెప్పలేను. కానీ ఆ నాలుగు వారాలూ ఆయన చేతిలోనే ఉన్నాయి కదా.

గజేంద్రుడి పేరు మీరే ఎత్తారు కాబట్టి అంటున్నాను. మొసలి పట్టుకున్నది ఆయన కాలునే. పట్టుకోగానే కళ్ళు మూసుకుని పిలవలేదు, ఒంట్లో సత్తువ ఉన్నంతసేపూ పెనుగులాడాడు, అది అయిపోయాకే పిలిచాడు. మిర్చి రేటు మీ చేతిలో లేదు, తామర పురుగు లేదు, ఆ భారం స్వామి మీద వేశారు, బాగుంది. డాక్టరు దగ్గరికి ఆటోలో వెళ్ళడం మాత్రం ఇంకా మీ చేతిలోనే ఉంది.

వెళ్ళాక ఏం చేస్తారంటే, పాదం పైభాగంలో నాడి కొడుతోందో లేదో చేత్తో చూస్తారు. సన్నటి నైలాన్ తీగతో అరికాలిని తాకి స్పర్శ చూస్తారు. ఎముకకు చీము పట్టిందేమో ఎక్స్‌రే, రక్తప్రసరణకు డాప్లర్, మూడు నెలల సగటు షుగర్ పరీక్ష, కిడ్నీ పరీక్ష రాస్తారు. పుండును శుభ్రం చేసి, కావాల్సిన యాంటీబయాటిక్ ఇస్తారు. జిల్లా ప్రభుత్వాసుపత్రిలో సర్జన్ ఉంటారు, అక్కడ కుదరదంటే వరంగల్‌కో హైదరాబాద్‌కో పంపుతారు. ఆరోగ్యశ్రీ ఏ చికిత్సకు వర్తిస్తుందో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర చెప్తారు, అప్పుల్లో ఉన్నారు కాబట్టి కార్డు మర్చిపోకండి. ఈలోపు పసుపు ఆపండి. పసుపు రంగు కింద అసలు రంగు కనపడదు, మాకు అదో తలనొప్పి. బ్లేడుతో చర్మం కోయొద్దు, ఆనెలకు అంటించే ప్లాస్టర్ వేయొద్దు, మెడికల్ షాపులో మూడు రోజుల యాంటీబయాటిక్ అడగొద్దు. శుభ్రమైన పొడి గాజుగుడ్డ కట్టుకుని, స్నానంలో తడవకుండా చూసుకోండి చాలు. ఎరుపు పాదం పైకి పాకినా, వాసన వచ్చినా, చలిజ్వరం వచ్చినా రేపటిదాకా కూడా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

షుగర్ మాత్ర మీకు మీరే ఎందుకు తగ్గించారు? దాని పేరు కూడా రాయలేదు. గ్లిమెపిరైడ్ రకమైతే మాత్ర వేసుకుని తినకుండా ఉంటే షుగర్ పడిపోయి చెమటలు, వణుకు వస్తాయి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఆ భయం తక్కువ. డాపాగ్లిఫ్లోజిన్ లాంటిదైతే ఎక్కువసేపు పస్తుంటే ఇంకో రకం ప్రమాదం ఉంది. అందుకే ఏది ఎంత తగ్గించాలో మాత్రల అట్టలు చూసి మీ డాక్టరే చెప్పాలి. పుండు ఉన్నవాళ్ళకి చాలాసార్లు తగ్గించడం కాదు, పెంచాల్సి వస్తుంది, కొంతకాలం ఇన్సులిన్ కూడా పెట్టొచ్చు. దీక్షలో రాత్రిపూట అల్పాహారం ఉంటుంది కదా, అది మానకండి.

ఇక నిద్ర. ఆల్ప్రజోలామ్ చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినవాళ్ళది తప్పు, అడిగిన మీదీ కొంచెం ఉంది. పది రోజులు వేసుకున్నారు కాబట్టి ఒక్కసారిగా మానకుండా ఎలా తగ్గించాలో ఆ డాక్టరునే అడగండి. భక్తిలో లోపం గురించి చెప్పేటంత చదువు నాకు లేదు. షుగర్ ఎక్కువగా ఉంటే రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేవాల్సి వస్తుంది, పడిపోతే గుండె దడతో మెలకువ వస్తుంది, హఠాత్తుగా బీడీ మానితే మొదటి వారాల్లో చిరాకు, నిద్రలేమి మామూలే. దానికి తోడు 11 లక్షల అప్పు. ఇన్ని ఉన్నప్పుడు ఎవరి మనసు నిలుస్తుంది చెప్పండి?

కానీ 'అంతా అయిపోయిందనిపిస్తుంది' అన్న మాటను రెండుసార్లు చదివాను. సూటిగా అడుగుతున్నాను, చచ్చిపోవాలనే ఆలోచన వస్తోందా? ఒక్కసారి వచ్చినా ఇంట్లో ఎవరికో ఒకరికి ఈ రోజే చెప్పండి, ఒంటరిగా ఉండకండి. పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంటే వేరేవాళ్ళ ఇంటికి పంపేయండి. టెలి మానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. కాలు చూపించే చోటే ఈ మాట కూడా చెప్పండి. డాక్టరు అడగలేదని ఊరుకోవద్దు, మాకు హడావిడిలో అడగడం మర్చిపోయే జబ్బుంది.

మాల తీయమని నేను అనను, అది మీరు, మీ గురుస్వామి మాట్లాడుకోవాల్సిన విషయం. చెప్పుల గురించి ఆయన్ని అడగండి. షుగర్ ఉన్న స్వాములకు మెత్తటి చెప్పులకు అనుమతి ఇచ్చిన గురుస్వాములు నాకు తెలుసు. పంప నుంచి సన్నిధానానికి దాదాపు ఐదు కిలోమీటర్ల ఎక్కుడు. ఈ వేలితో అది ఎక్కడం నాకైతే ఇష్టం లేదు, కాలు చూసిన డాక్టరు ఒప్పుకుంటే తప్ప బయల్దేరకండి. మండలకాలం దాటిపోతుందని కంగారు వద్దు, ప్రతి మలయాళ మాసం మొదట్లో కూడా ఐదు రోజులు గుడి తెరుస్తారు.

బీడీ మానడం మాత్రం ఈ 19 రోజుల్లో మీ కాలికి జరిగిన మంచి పని. మాల తీసిన సాయంత్రమే మళ్ళీ వెలిగించేవాళ్ళు చాలామంది, మీరు ఆ లెక్కలో కలవకండి. బయట ఇంకా పదిమంది కూర్చున్నారు. చూపించుకున్నాక ఏమన్నారో రాయండి, ఈసారి ఫొటో పగటి వెలుతురులో తీయండి, పసుపు కడిగేసి.