నేరం చేసిన కుర్రాళ్లు మళ్లీ అదే దారి పట్టకుండా ఏం చేయాలి?
భయపెడితే దారికొస్తారనుకుంటాం గానీ, రారు. అమెరికాలో కుర్రాళ్లను జైళ్లకు తీసుకెళ్లి ఖైదీలతో బెదిరింపజేశారు. నేరాలు తగ్గకపోగా పెరిగాయని పరిశోధనల్లో తేలింది.

షికాగోలో కుర్రాళ్లకు శిక్షణనిచ్చే ‘బికమింగ్ ఎ మ్యాన్’ కార్యక్రమం పద్ధతి వేరు. ఒకడి చేతిలో బంతి పెట్టి, ముప్పై సెకన్లలో దాన్ని తీసుకోమని రెండోవాడికి చెబుతారు. దాదాపు అందరూ కలబడతారు. ‘బంతి ఇస్తావా?’ అని అడిగేవాడే అరుదు. అడిగితే ఇచ్చేవాడివా అంటే, ‘ఇచ్చేవాణ్ణే, బంతేగా’ అంటాడు మొదటివాడు. చెయ్యి లేచేముందు ఒక్క క్షణం ఆగి ఆలోచించడం అలా అలవాటు చేస్తారు. అందులో పాల్గొన్నవాళ్లలో హింసాత్మక నేరాల అరెస్టులు 45–50 శాతం తగ్గాయి. షికాగో ఉన్న కుక్ కౌంటీలోని బాలల నిర్బంధ కేంద్రంలోనూ ఇలాంటి శిక్షణే ఇస్తే, అక్కడికి కుర్రాళ్లు తిరిగి రావడమూ 21 శాతం తగ్గింది. కాకపోతే ఒక చిక్కుంది: ‘బికమింగ్ ఎ మ్యాన్’పై జరిగిన మొదటి అధ్యయనంలో, కార్యక్రమం ఆపేశాక అరెస్టులపై ఆ ప్రభావం నిలవలేదు. ఒక ఏడాది క్లాసులు చెప్పి వదిలేస్తే చాలదన్నమాట.