హెడ్ బోల్టుకి స్టార్ బిట్ పట్టడం లేదంటే...

తమ్ముడూ, పాత స్కోడా అక్టేవియా కారు 1.9 టీడీఐ డీజిల్ ఇంజన్ హెడ్ (సిలిండర్ల మీది మూత) దింపుతున్నానని, దాని బోల్టుకి టీ55 సైజు స్టార్ బిట్ పెడితే జారిపోతోందని రాశావు. ఇంకోసారి తిప్పకు, పళ్ళు అరిగిపోతే తర్వాత ఏడవాల్సిందే. అది స్టార్ కాదు. టార్చ్ వేసి బోల్టు తల గుంటలోకి చూసి మొనలు లెక్కపెట్టు: స్టార్‌కి 6, అలెన్‌కి 6 చదునైన అంచులు, నీ బోల్టుకి 12 ఉంటాయి. దాన్ని ట్రిపుల్ స్క్వేర్ అంటారు, కొన్ని షాపుల్లో ఎక్స్‌జడ్ఎన్ అని అడిగితేనే ఇస్తారు. నీకు కావాల్సింది ఎం12 సైజు, అదీ పొడుగు బిట్. పొట్టిది కొంటే సాకెట్ వెళ్ళి ఇంజన్ హెడ్‌కి తగిలి బిట్ అడుగు దాకా దిగదు. నేనూ ఒకసారి అలాగే డబ్బు తగలేశాను.

బిట్ పెట్టేముందు గుంటలో నూనె మడ్డి సన్న స్క్రూడ్రైవర్‌తో గీకి, గాలి కొట్టు (కళ్ళజోడు పెట్టుకో, మొహం మీదికే వస్తుంది). తర్వాత సుత్తితో బిట్‌ని రెండు దెబ్బలు వెయ్యి. టక్ టక్‌మన్న చప్పుడు గట్టిపడితే అడుగు తాకినట్టు. ఇంపాక్ట్ గన్ (దెబ్బలు కొడుతూ తిప్పే మిషన్) వద్దు, అరంగుళం డ్రైవ్ పొడుగు రాడ్‌తో నిటారుగా నొక్కిపట్టి లాగు.

ఇంజన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టు. చివరల నుంచి మధ్యకి, ఒక్కోటి కొంచెం కొంచెంగా వదులు చెయ్యి. 10 బోల్టులూ బిగించినప్పుడు సాగే రకం, తిరిగి వాడకు, కొత్త సెట్ కొను.

మొనలు 12 కాకుండా వేరేలా కనిపిస్తే ఫోటో పెట్టు.