గ్రీన్స్‌బర్గ్ వాళ్ళు ఊరు వదిలి ఎందుకు పోలేదంటే...

"అమెరికాలో టోర్నడో వచ్చి ఊరంతా నేలమట్టమైనా మళ్ళీ అక్కడే ఎందుకు కట్టుకుంటారు? వేరే చోటికి పోవచ్చు కదా?" అని మీలో ఒకరు అడిగారు.

ఎక్కడికి పోతారండీ? కాన్సాస్‌లో ఇరవై మైళ్ళు జరిగినా, వంద మైళ్ళు జరిగినా నెత్తి మీద ఆకాశం అదే. నేను చాలా ఏళ్ళుగా విచిటాలో ఉంటున్నాను. ఇక్కడి నుంచి పడమరగా, 54వ నంబరు హైవే మీద వంద మైళ్ళు దాటాక గ్రీన్స్‌బర్గ్ వస్తుంది. 2007 మే 4 రాత్రి పదింటికి కాస్త ముందు దాని మీద విరుచుకుపడ్డ టోర్నడో వెడల్పు 1.7 మైళ్ళు. ఊరే అంత వెడల్పు ఉండదు. 95 శాతం ఇళ్ళూ, దుకాణాలూ పోయాయి. టోర్నడోల తీవ్రతకు ఈఎఫ్ స్కేలు ఆ ఏడాదే మొదలైంది, అందులో అన్నిటికంటే పై మెట్టు ఈఎఫ్-5 మొట్టమొదట దీనికే ఇచ్చారు.

మా నాయన అనంతపురం నుంచి వచ్చినప్పుడు ఆ ఊరు చూపించడానికి తీసుకెళ్ళాను. ఆయన్ని కట్టిపడేసింది టోర్నడో ఫోటోలు కాదు, అక్కడి బావి. 1887, 88ల్లో పారలతో, గడ్డపారలతో మనుషులే తవ్విన బావి అది. 109 అడుగుల లోతు, 32 అడుగుల వెడల్పు. ఊరికీ, రైలింజన్లకూ నీళ్ళు కావాలని తవ్వించారు. 1932 దాకా ఊరంతా ఆ నీళ్ళే తాగింది. టోర్నడోకి పైనున్న కట్టడం పోయింది, బావి మాత్రం ఉంది. దాని మీద 2012లో కొత్త మ్యూజియం కట్టి, లోపలికి మెట్లు దింపారు.

నాయన రెయిలింగ్ పట్టుకుని చాలాసేపు కిందికి చూశాడు. తర్వాత మెల్లగా మెట్లు దిగుతూ, "ఏమ్మా, ఇంత రాయి యాడనుంచి తెచ్చినారంట? ఈ చుట్టుపక్కల ఒక్క గుట్టన్నా కనపళ్ళేదే!" అన్నాడు. దక్షిణాన పన్నెండు మైళ్ళ దూరం నుంచి బండ్ల మీద తోలారని చెప్పాను. "మా తాత బావి తవ్విచ్చినప్పుడు నలభై అడుగులకే మనుషులు బెదిరినారు. వీళ్ళు గట్టోళ్ళు" అన్నాడు. పైకి వచ్చాక అక్కడ పనిచేసే ఒక పెద్దావిడ ఆ రాత్రి సంగతి చెప్పింది. సైరన్ మోగగానే బేస్‌మెంట్‌లోకి దిగారట. కరెంటు పోయిందట, చెవులు దిబ్బళ్ళు పడ్డాయట. పైకి వచ్చి చూస్తే తమ వీధి ఏదో పోల్చుకోవడం కూడా కష్టమైందట. మీరెందుకు వెళ్ళిపోలేదని నాయన అడగమంటే అడిగాను. "బడి మళ్ళీ తెరుస్తామన్నారు, అందుకే ఉన్నాం" అంది.

నా దృష్టిలో మీ ప్రశ్నకు జవాబు అదే. మే నెలలో బడి కూలింది, ఆగస్టులో ట్రైలర్లలో, అంటే చక్రాల మీద తెచ్చిపెట్టిన గదుల్లో, క్లాసులు మొదలుపెట్టారు. ఆ నిర్ణయం తీసుకోకపోయి ఉంటే పిల్లలున్న కుటుంబాలు పక్క ఊళ్ళకు పోయేవి, గ్రీన్స్‌బర్గ్ ఉండేది కాదు. ఇది నేను గట్టిగా నమ్ముతాను. అందరూ రాసేది మాత్రం గ్రీన్ బిల్డింగుల గురించే. నిజమే, ఊరి పెద్ద ప్రభుత్వ భవనాలను లీడ్ ప్లాటినం (పర్యావరణానికి మేలైన కట్టడాలకిచ్చే గుర్తింపులో పై మెట్టు) స్థాయిలో కట్టాలని తీర్మానించారు, వీధి దీపాలన్నీ ఎల్‌ఈడీలు చేశారు, ఊరి బయట పది గాలిమరలు పెట్టారు. ఇళ్ళు ఎగరగొట్టిన గాలితోనే కరెంటు తీస్తున్నారు, గొప్ప పని. కానీ జనాభా లెక్క ఎవరూ రాయరేం? 1960లో దాదాపు 2,000 మంది. 2000 నాటికి 1,574. 2010లో 777, 2020లో 740. అంటే టోర్నడోకి ముందే ఊరు తగ్గుతూ వచ్చింది. గోధుమ పొలాలకు పెద్ద యంత్రాలు వచ్చాక మనుషుల అవసరం తగ్గింది, పల్లెలు ఖాళీ అయ్యాయి. ఈ మాట చెప్పకుండా అద్భుతం అని రాయడం ఆ ఊరివాళ్ళకు అన్యాయం. వాళ్ళు తక్కువ మందే ఉండి ఇంత చేశారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అంత పెద్ద టోర్నడోలో ఆ ఊళ్ళో చనిపోయింది 11 మంది. విచిటాకు దగ్గర్లోనే యుడాల్ అనే ఇంకా చిన్న ఊరుంది. 1955 మే 25 రాత్రి అక్కడ టోర్నడోకి దాదాపు 80 మంది పోయారు. అదీ రాత్రే, ఇదీ రాత్రే. యుడాల్‌కు హెచ్చరిక అందలేదు. గ్రీన్స్‌బర్గ్‌కు డాడ్జ్ సిటీ వాతావరణ కార్యాలయం ముందే చెప్పింది, జనం నేలమాళిగల్లోకి దిగడానికి దాదాపు ఇరవై నిమిషాలు దొరికాయి. ప్రాణాలు కాపాడింది ఆ ఇరవై నిమిషాలూ, ఆ బేస్‌మెంట్లూ.

అందుకే సైరన్ మోగుతుంటే మన కుర్రాళ్ళు బాల్కనీలోకి వచ్చి వీడియోలు తీస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. రాత్రి టోర్నడో కంటికి కనపడదు బాబూ! వానలో కలిసి వస్తుంది. నేను మొదట్లో ఉన్న అపార్ట్‌మెంట్‌లో మాది పై అంతస్తు. షెల్టర్ ఎక్కడుందని ఆఫీసులో అడిగితే బాత్‌టబ్‌లో పడుకోమన్నారు. అద్దె మాత్రం ప్రతి ఏడాదీ పెంచారు. ఆ ఏప్రిల్, మే నెలల్లో మబ్బు పట్టిన ప్రతి సాయంత్రం టెన్షనే. ఇల్లు మారేటప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న బేస్‌మెంట్ ఉందా అనే. బడ్జెట్ ఆ తర్వాత.

మీ వాళ్ళెవరైనా కాన్సాస్‌కో, ఓక్లహోమాకో వస్తుంటే ఫోన్లో వాతావరణ హెచ్చరికలు ఆఫ్ చేయొద్దని చెప్పండి. బేస్‌మెంట్ లేని ఇంట్లో దిగాల్సి వస్తే, కింది అంతస్తులో కిటికీలు లేని గది ఏదో మొదటి రోజే చూసి పెట్టుకోమనండి. మొబైల్ హోమ్ (తెచ్చి నిలబెట్టే తేలికపాటి ఇల్లు) అద్దె తక్కువని అందులో మాత్రం దిగనివ్వకండి.