బండి అంటే ఏ బండి?

"బండి అంటే అసలు ఎద్దులబండి కదా, మరి బైక్‌నీ రైలునీ కూడా బండి అంటారెందుకు? ఏది సరైన వాడుక?" అని అడిగారు. అన్నీ సరైనవే. మా తిరుపతిలో ఈ మాట లేకుండా పూట గడవదు.

నేను గమనించింది ఏమిటంటే, ఏ బండో తేల్చేది చాలాసార్లు దాని పక్కనున్న క్రియే. చిత్తూరు దగ్గర మా అవ్వ వాళ్ల ఊళ్లో "బండి కట్టు" అంటే ఎద్దుల మెడ మీద కాడి పెట్టమని. చెరకు తోలే రోజుల్లో తెల్లవారకముందే తాత ఇరుసుకు కందెన పూసేవాడు. ఆ నల్లటి జిడ్డు ఆయన గోళ్ల సందుల్లో సాయంత్రం దాకా ఉండేది. అదే "బండి తీయి" అంటే వాకిలికి అడ్డంగా పెట్టిన స్కూటర్ జరపమని. "బండి మాట్లాడినాం" అంటే కారో వ్యానో బాడుగకు కుదిరిందని. "వాడు బండి పెట్టుకున్నాడు" అంటే ఇడ్లీ, దోసెలు అమ్ముకునే తోపుడుబండి.

క్రియ కూడా చాలని సందర్భం మా ఇంట్లోనే వచ్చింది. మామయ్యను తీసుకు రావడానికి తమ్ముడు రాత్రిపూట బైక్ మీద రేణిగుంట స్టేషన్‌కు పోయాడు. పదకొండింటికి ఫోన్ చేసి "అమ్మా, బండి ఆగిపోయింది, లేటవుతుంది" అన్నాడు. అంతలో చార్జింగ్ అయిపోయి ఫోన్ కట్టయింది. చీకట్లో రోడ్డు పక్కన చెడిపోయిన బైక్‌తో కొడుకు నిలబడి ఉన్నాడనుకుని అమ్మకు ఒకటే టెన్షన్. నాన్నను లేపి పంపించింది. తీరా చూస్తే ఆగింది మామయ్య ఎక్కిన రైలు, స్టేషన్ బయట సిగ్నల్ దగ్గర! ఆ రోజు నుంచి మా ఇంట్లో రైలును రైలనే అంటాం. మా అవ్వ మాత్రం చివరిదాకా పొగబండి అనే అనేది.

బండి కనిపించని చోట కూడా ఈ మాట ఉంటుంది. "బండెడు చాకిరీ" అంటే బండి నిండేంత పని. "ఎట్లున్నావు?" అంటే "ఏదో బండి లాగిస్తున్నా" అంటాం. అక్కడ బండి అంటే సంసారమే. మా అమ్మ నోట ఆ మాట విన్నప్పుడల్లా నాకు బరువెక్కిన చెరకు బండే కళ్ల ముందుకొస్తుంది.

చిత్తూరు మూడు భాషలు కలిసే చోటు కదా, సంతలో ఈ మాట అందరికీ అర్థమవుతుంది. కన్నడం వాళ్లకూ బండే, తమిళం వాళ్లకు వండి.

ఇంకొకటి, అక్షరాల్లో కూడా బండి ఉంది. ఱ అక్షరాన్ని బండి ర అంటారు, పండితులు శకటరేఫం అంటారు. శకటం అన్నా బండే. మా పిల్లకు పలక మీద అది రాసి చూపిస్తే "చక్రాలేవి?" అని వెతికి, తనే వేలితో చూపించింది.